తొమ్మిది పాటలు, నాలుగు దారులు: రాస్ప్‌బెర్రీస్ తొలి ఆల్బమ్ ఎగుడుదిగుడుగా ఎందుకుంది?

క్లుప్తంగా

అమెరికాలోని క్లీవ్‌లాండ్ నగరానికి చెందిన రాస్ప్‌బెర్రీస్ బ్యాండ్ 1972లో తెచ్చిన తొలి ఆల్బమ్‌లో తొమ్మిది పాటలున్నాయి. మొదటి పాట పవర్ పాప్ అనే సంగీత శైలికే నమూనాగా నిలిచింది. మిగతా ఎనిమిదిలో కొన్ని దాని దరిదాపులకి వస్తాయి, కొన్ని వేరే బ్యాండ్ పాడినట్టుంటాయి. ఈ తేడాకి ప్రతిభ తక్కువవడం కంటే ఆనాటి రేడియో తీరు, రాయల్టీ లెక్క, ఎల్‌పీ (రెండు వైపులా పాటలుండే పెద్ద గ్రామఫోన్ రికార్డు) పరిమితులు, సభ్యుల వేర్వేరు అభిరుచులు పెద్ద కారణాలు. అయినా ఆల్బమ్ ఎక్కడా విసుగు పుట్టించదు. బలహీనమైన పాటల్లో కూడా గొంతులు కలిసే తీరు దాన్ని నిలబెడుతుంది.

ఒక పాట విని ఆల్బమ్ వెతికితే

2014లో వచ్చిన ‘గార్డియన్స్ ఆఫ్ ది గెలాక్సీ’ సినిమాని మన దగ్గరా చాలామంది చూశారు. అందులో వాడిన 1960, 70ల పాటలన్నీ కలిపి వేసిన ఆల్బమ్ అమెరికాలో ఆల్బమ్‌ల జాబితా అయిన బిల్‌బోర్డ్ 200లో మొదటి స్థానానికి వెళ్ళింది. అన్నీ పాత పాటలే ఉన్న సినిమా ఆల్బమ్ ఒకటి ఆ స్థానానికి చేరడం అదే మొదటిసారి. ఆ పాటల్లో ఒకటి రాస్ప్‌బెర్రీస్ పాడిన ‘గో ఆల్ ద వే’. అంతకు రెండేళ్ళ ముందు ‘డార్క్ షాడోస్’ సినిమా కోసం ద కిల్లర్స్ బ్యాండ్ కూడా ఇదే పాటను తిరిగి పాడింది. నలభై ఏళ్ళు దాటిన పాట ఇలా కొత్త చెవులకి చేరింది.

పాట నచ్చినవాళ్ళు సహజంగా అది వచ్చిన ఆల్బమ్ వెతుక్కుంటారు. బ్యాండ్ పేరే ఆల్బమ్ పేరు కూడా. మొదటి పాట తెలిసిందే. రెండో పాటకి హోరు తగ్గుతుంది. నాలుగో పాట పాతకాలపు రాక్ అండ్ రోల్. ఐదోది పియానో, వయొలిన్ల మధ్య ఒంటరి గొంతు. చివరిది ఎనిమిది నిమిషాల పాట. ఇదంతా ఒకే బ్యాండా అన్న సందేహం రావడంలో ఆశ్చర్యం లేదు. మొదటి మూడు నిమిషాల్లో అంత స్పష్టంగా తమ దారి చూపించిన వాళ్ళు మిగతా అరగంటలో ఎందుకు తలో వైపు వెళ్ళారు?

తెలుగు శ్రోతలకి ఒకే ఆల్బమ్‌లో రకరకాల పాటలుండడం కొత్త కాదు. సినిమా క్యాసెట్‌లో ఒక విరహ గీతం, ఒక మాస్ పాట, ఒక భక్తి పాట పక్కపక్కనే ఉంటాయి. అక్కడ ఆ వైవిధ్యాన్ని కథ అడుగుతుంది, ఒకే సంగీత దర్శకుడు దాన్ని నడిపిస్తాడు. రాక్ బ్యాండ్ ఆల్బమ్‌లో కథ ఉండదు. బ్యాండ్ గొంతే దానికి దారం. ఆ దారం ఎక్కడ గట్టిగా ఉంది, ఎక్కడ వదులైంది అన్నదే ఇక్కడ చూడాల్సింది.

పవర్ పాప్ అంటే ఏమిటి

పవర్ పాప్ అనే మాటను 1967లో మొదట వాడినది ద హూ బ్యాండ్ గిటారిస్టు పీట్ టౌన్షెండ్. తాము వాయించేదాన్ని, ఒకప్పుడు బీచ్ బాయ్స్ పాడిన హుషారు పాటలను కలిపి ఆయన అలా పిలిచాడు. మాట అప్పుడే పుట్టినా, దానికి తగిన బ్యాండ్‌లు కనిపించడానికి 1970ల మొదటి సంవత్సరాలు రావాల్సి వచ్చింది.

పేరులోనే రెండు భాగాలున్నాయి. పవర్ అంటే గట్టి డ్రమ్స్, కరుకుగా మోగే గిటార్లు. పాప్ అంటే ఒక్కసారి వింటే నోటికి వచ్చే బాణీ, కలిసి పాడే గొంతులు, మూడు నిమిషాల్లో ముగిసే పాట. రెండూ ఒకేసారి ఉండాలి. గిటార్ హోరు ఎక్కువైతే హార్డ్ రాక్ అవుతుంది. మెత్తదనం ఎక్కువైతే మామూలు ప్రేమగీతం అవుతుంది. మధ్యలో ఉన్న దారి చాలా సన్నం. ఒక పాటకి ఆ సమతూకం కుదరడమే కష్టం. పది పాటలకి వరసగా కుదరడం ఇంకా కష్టం. ఈ శైలిలో వచ్చిన తొలి ఆల్బమ్‌ల్లో చాలావాటికి ‘ఒకటి రెండు గొప్ప పాటలు, మిగతావి ఫర్వాలేదు’ అన్న పేరు రావడం వెనక ఉన్న మొదటి కారణం ఇదే.

1972 నాటికి ఇంకో ఇబ్బంది కూడా ఉంది. బీటిల్స్ 1970లో విడిపోయారు. వాళ్ళలా క్లుప్తంగా పాడడం అప్పటికి పాతబడిందని చాలామంది సంగీతకారులు అనుకుంటున్నారు. జెథ్రో టల్ బ్యాండ్ 1972లో ఆల్బమ్ రెండు వైపులా కలిపి ఒకే పాట వేసింది. అదే ఏడాది యెస్ బ్యాండ్ ఒక వైపు మొత్తం ఒకే పాటతో నింపింది. అలాంటి సమయంలో ఒకే రకం సూట్లు వేసుకుని, జుట్టు చక్కగా దువ్వుకుని, మూడు నిమిషాల ప్రేమ పాటలు పాడుతూ నలుగురు కుర్రాళ్ళు వేదిక ఎక్కారు. గాలికి ఎదురు నడవడమే అది.

మొదటి పాట పనితనం

‘గో ఆల్ ద వే’ విన్నవాళ్ళకి ముందు గుర్తుండేది గిటార్. ద హూ, రోలింగ్ స్టోన్స్ తరహాలో తలుపు బాదినట్టు మొదలవుతుంది. డ్రమ్స్ దాన్ని ఇంకా ముందుకి తోస్తాయి. ఇక ఎవరో గట్టిగా అరుస్తారనిపించే చోట హఠాత్తుగా అంతా మెత్తబడి ఎరిక్ కార్మెన్ గొంతు చాలా మృదువుగా వస్తుంది. వెనక బీచ్ బాయ్స్‌ని గుర్తుచేసే హార్మనీ, అంటే వేర్వేరు స్వరాల్లో కలిసి పాడే గొంతులు. చరణం అంతా మెత్తగా సాగి, పల్లవి దగ్గర హోరు మళ్ళీ పైకి లేస్తుంది. మధ్యలో ఒకరు పిలిస్తే మిగతావాళ్ళు బదులిచ్చినట్టు పాడే భాగం నేరుగా తొలినాళ్ళ బీటిల్స్ దగ్గర నేర్చుకున్నది.

ఈ పాటకి ముందు హోరు, మృదుత్వం రెంటినీ కలపాలని ప్రయత్నించినవాళ్ళు ఉన్నారు. సాధారణంగా రెండూ కలిసి ఒకదాన్నొకటి పల్చబరుస్తాయి. ఇక్కడ వాటిని కలపలేదు, పక్కపక్కన పెట్టారు. గిటార్ భాగం పూర్తి గట్టిగా, పాడే భాగం పూర్తి మెత్తగా ఉంటుంది. ఒకటి వచ్చినప్పుడల్లా రెండోదాని మీద ఆశ పెరుగుతుంది. ఆ తర్వాత వచ్చిన పవర్ పాప్ బ్యాండ్‌లు ఎన్నో ఈ పద్ధతినే వాడుకున్నాయి.

మాటల విషయంలోనూ ఇలాంటి ఉపాయమే ఉంది. 1967లో రోలింగ్ స్టోన్స్ బృందం ఎడ్ సలివాన్ టీవీ షోలో తమ పాటలోని ‘రాత్రి గడుపుదాం’ అనే అర్థం వచ్చే మాటను ‘కాసేపు గడుపుదాం’ అని మార్చి పాడాల్సి వచ్చింది. ఆ సంఘటన కార్మెన్‌కి గుర్తుంది. అతను చొరవ మాటను అబ్బాయి నోట పెట్టకుండా అమ్మాయి అన్నట్టు రాశాడు. పైగా గుడిలో పాడే పిల్లల గొంతులంత స్వచ్ఛంగా పాడించాడు. అమెరికన్ రేడియోలు వేశాయి. బ్రిటన్‌లో బీబీసీ మాత్రం ప్రసారం చేయలేదు.

పాట వినిపించే తీరులో స్టూడియో పాత్ర కూడా ఉంది. నిర్మాత జిమ్మీ ఐనర్ బృందం ఈ పాటను బాగా ‘కంప్రెస్’ చేసింది. శబ్దంలో గట్టి భాగాలను కిందికి నొక్కి, మెల్లని భాగాలను పైకి తెస్తారు. దాంతో పాటంతా ఒత్తుగా, స్పీకరు నిండిపోయినట్టు వినిపిస్తుంది. ఇంట్లో మంచి సిస్టమ్ మీద వింటే కాస్త ఇరుగ్గా అనిపించవచ్చు. కారులో చిన్న స్పీకరు మీద మాత్రం పక్క పాటలన్నిటినీ దాటుకుని ముందుకు వస్తుంది. 1972 వేసవిలో అమెరికన్ కుర్రకారు పాటలు విన్నది ఎక్కువగా అలాంటి స్పీకర్ల మీదే. ఆ అక్టోబరులో పాటల జాబితా అయిన బిల్‌బోర్డ్ హాట్ 100లో ఇది 5వ స్థానానికి చేరింది. పది లక్షలకు పైగా కాపీలు అమ్ముడయ్యాయి.

తర్వాతి ఎనిమిది

రెండో పాట ‘కమ్ ఎరౌండ్ అండ్ సీ మీ’ తేలిగ్గా ఊగే పాట. చెడ్డది కాదు, కానీ మొదటి పాట రేపిన ఆకలిని తీర్చదు. మూడోది ‘ఐ సా ద లైట్’. అదే ఏడాది టాడ్ రండ్‌గ్రెన్ ఇదే పేరుతో వేరే పాట హిట్ చేశాడు, రెంటికీ సంబంధం లేదు. రాస్ప్‌బెర్రీస్ పాటకి అంత పేరు రాలేదు కానీ, గొంతులు ఒకదాని మీద ఒకటి పరుచుకునే తీరు కోసం దాన్ని రెండోసారి వినవచ్చు.

నాలుగోది ‘రాక్ అండ్ రోల్ మామా’. రాసింది డేవ్ స్మాలీ. బార్‌లో శనివారం రాత్రి జనాన్ని లేపి నిలబెట్టడానికి పనికొచ్చే పాట. రికార్డు మీద మాత్రం వందల బ్యాండ్‌లు పాడే అలాంటి పాటల్లో ఒకటిలానే ఉంటుంది. రెండో వైపున ఉన్న ‘గెట్ ఇట్ మూవింగ్’ సంగతీ అంతే. ఈ రెండింటిలోనూ పవర్ ఉంది, పాప్ తక్కువ.

ఐదోది ‘వెయిటింగ్’. ఇందులో అదే తక్కెడ రెండో వైపుకి మొగ్గింది. గిటార్లు లేవు, కార్మెన్ ఒక్కడే. అతని చిన్నప్పటి శిక్షణ శాస్త్రీయ సంగీతంలో జరిగింది. క్లీవ్‌లాండ్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మ్యూజిక్‌లో నేర్చుకున్నాడు, క్లీవ్‌లాండ్ ఆర్కెస్ట్రాలో వాయించిన మేనత్త దగ్గర వయొలిన్ పాఠాలు తీసుకున్నాడు. ఆ పెంపకం ఈ పాటలో బాగా వినిపిస్తుంది. 1975లో రష్యన్ స్వరకర్త రఖ్మానినోవ్ రెండో పియానో కాన్సర్టో ఆధారంగా అతను చేసిన ‘ఆల్ బై మైసెల్ఫ్’ పాటకి బీజాలు ఇక్కడే కనిపిస్తాయి. తర్వాత సెలీన్ డియాన్ గొంతులో ప్రపంచమంతా విన్నది ఆ పాటే.

రెండో వైపు మొదటి పాట ‘డోంట్ వాంట్ టు సే గుడ్‌బై’. ఆల్బమ్‌లో మొదటి పాట తర్వాత అంతటి స్థానం దీనిదే. కార్మెన్, గిటారిస్టు వాలీ బ్రైసన్ కలిసి రాశారు. నెమ్మదైన పాటే అయినా పల్లవి దగ్గర నలుగురూ గొంతెత్తినప్పుడు ‘గో ఆల్ ద వే’లో ఉన్న బలమే ఇంకో రూపంలో వస్తుంది. దీన్నే బ్యాండ్ తొలి సింగిల్‌గా (ఆల్బమ్ నుంచి విడిగా అమ్మే చిన్న రికార్డు) విడుదల చేశారు. హాట్ 100లో 86వ స్థానం దగ్గర ఆగిపోయింది. నిడివి ఐదు నిమిషాలు, నడక మెల్లగా ఉండడం, అప్పటికి బ్యాండ్ పేరు ఎవరికీ తెలియకపోవడం అన్నీ దానికి అడ్డుపడ్డాయి.

దాని తర్వాత బ్రైసన్ రాసిన ‘విత్ యూ ఇన్ మై లైఫ్’ పాత నాటకశాల పాటలా తుళ్ళుతూ సాగుతుంది. పాల్ మెకార్ట్నీ ఇలాంటివి బీటిల్స్ ఆల్బమ్‌ల్లో చేసేవాడు. అక్కడ అవి ఊరటలా ఉండేవి. ఇక్కడ అప్పటికే చాలా దారులు మారాయి కాబట్టి ఇంకో మలుపులా అనిపిస్తుంది.

చివరిది ‘ఐ కెన్ రిమెంబర్’. కార్మెన్ రాశాడు. మెల్లని జ్ఞాపకంలా మొదలై, మధ్యలో వేగం పుంజుకుని, రాక్ పాటగా మారుతుంది. ఎనిమిది నిమిషాలు. ఇందులో రెండు మంచి పాటలకు సరిపడా బాణీలున్నాయి, వాటిని అతికించిన చోట్లు కూడా తెలుస్తున్నాయి. అయినా ఇరవై రెండేళ్ళ వయసులో ఒకడు తనకి తెలిసినదంతా ఒకేసారి చెప్పాలని పడిన తపన ఆ పాటను చివరిదాకా వినిపిస్తుంది.

ఒకే ఊరు, రెండు బ్యాండ్‌లు

ఈ తేడాలకి మూలం బ్యాండ్ పుట్టుకలోనే ఉంది. 1960ల చివర క్లీవ్‌లాండ్‌లో ద క్వైర్, సైరస్ ఈరీ అనే రెండు బ్యాండ్‌లు పోటాపోటీగా ఉండేవి. ద క్వైర్ పాడిన ‘ఇట్స్ కోల్డ్ అవుట్‌సైడ్’ 1967లో దేశవ్యాప్త జాబితాలో 68వ స్థానం దాకా వెళ్ళింది. స్మాలీ, డ్రమ్మర్ జిమ్ బాన్‌ఫాంటీ అందులోనివాళ్ళు. కార్మెన్ సైరస్ ఈరీ మనిషి. బ్రైసన్ రెండింటిలోనూ వాయించాడు. 1970లో రాస్ప్‌బెర్రీస్ ఏర్పడేసరికి ఊళ్ళో పేరున్న వాళ్ళే ఒకచోట చేరారు.

అంటే ఇది ఒక నాయకుడు, అతని వెనక ముగ్గురు అన్న ఏర్పాటు కాదు. కార్మెన్, బ్రైసన్, స్మాలీ ముగ్గురూ పాటలు రాసేవాళ్ళు, ముగ్గురూ పాడేవాళ్ళు. బీటిల్స్ దగ్గర ముగ్గురికీ నచ్చినది వేరువేరు. కార్మెన్‌కి మెకార్ట్నీ తరహా బాణీలు, బీచ్ బాయ్స్ హార్మనీలు. బ్రైసన్‌కి గిటార్ మోత, దానితోపాటు పాతకాలపు తుళ్ళింత. స్మాలీకి సూటిగా సాగే రాక్ అండ్ రోల్. తొలి ఆల్బమ్ చేసేటప్పుడు ఏ దారి తమది అన్న ప్రశ్నకి వాళ్ళ దగ్గర జవాబు లేదు. జవాబు చెప్పే హిట్ అప్పటికి ఇంకా రాలేదు.

రెండు రేడియోలు, రెండు లోకాలు

1960ల మధ్యలో అమెరికా ప్రసారాల నియంత్రణ సంస్థ ఒక నిబంధన తెచ్చింది. పెద్ద నగరాల్లో ఒకే యజమానికి ఏఎం, ఎఫ్ఎం స్టేషన్లు రెండూ ఉంటే, ఏఎం కార్యక్రమాన్నే రోజంతా ఎఫ్ఎంలో తిరిగి వేయకూడదు. దాంతో ఎఫ్ఎం స్టేషన్లకి కొత్త సరుకు కావాల్సి వచ్చింది. వాళ్ళు ఆల్బమ్‌ల్లోని పొడుగాటి పాటలు వేయడం మొదలుపెట్టారు. కాలేజీ కుర్రాళ్ళు అటు వెళ్ళారు. ఏఎం స్టేషన్లు మూడు నిమిషాల హిట్లు, స్కూలు పిల్లల దగ్గర ఉండిపోయాయి.

కొన్నేళ్ళలోనే ఇది గౌరవానికి సంబంధించిన విషయమైంది. ఎఫ్ఎంలో వస్తే గంభీరమైన బ్యాండ్, ఏఎంలో వస్తే పిల్లల బ్యాండ్. డాన్ మెక్‌లీన్ ఎనిమిదిన్నర నిమిషాల ‘అమెరికన్ పై’ 1972 జనవరిలో మొదటి స్థానానికి చేరడంతో పొడుగు పాట అంటే నష్టం కాదన్న ధైర్యం కూడా వచ్చింది. రాస్ప్‌బెర్రీస్ ఆల్బమ్ వచ్చింది ఆ ఏప్రిల్‌లో. దాని రెండు కొసల్లో ఏఎం కోసం ఒక పాట, ఎఫ్ఎం కోసం ఒక పాట కనిపిస్తాయి. మొదటిది దూసుకుపోయింది. రెండోది బ్యాండ్‌కి ఆ గౌరవం తెచ్చిపెట్టలేదు. ‘గో ఆల్ ద వే’ ఎంత పెద్ద హిట్ అయితే, ఎఫ్ఎం శ్రోతలకి వీళ్ళు అంత పిల్లల బ్యాండ్‌లా కనిపించారు.

ఆల్బమ్ విడుదల చేసిన సంస్థ కేపిటల్ రికార్డ్స్ చేసిన ప్రచారం కూడా ఆ ముద్రను బలపరిచింది. అట్ట మీద గోకితే రాస్ప్‌బెర్రీ పళ్ళ వాసన వచ్చే స్టిక్కర్ అంటించారు. సువాసన నూనెను కంటికి కనిపించని గుళికల్లో బంధించి కాగితం మీద పూస్తారు. గోరు తగిలితే గుళికలు పగిలి వాసన వస్తుంది. దుకాణంలో చేయి తప్పక దాని మీదికి వెళ్ళేది. కానీ పొడుగు పాటలు వినే శ్రోత దృష్టిలో అది మిఠాయి పొట్లమే.

రెండు సెంట్ల లెక్క

బ్యాండ్‌లో ప్రతి ఒక్కరి పాటా ఆల్బమ్‌లో ఉండాలని కోరుకోవడం వెనక ఆత్మగౌరవం మాత్రమే ఉండదు. 1909 నాటి అమెరికన్ కాపీరైట్ చట్టం ప్రకారం అమ్ముడైన ఒక్కో కాపీకి ఒక్కో పాటకి రచయిత, ప్రచురణకర్తలకి కలిపి 2 సెంట్లు. ఆ రేటు 1978 దాకా మారలేదు. పాట హిట్టా కాదా, రెండున్నర నిమిషాలా ఎనిమిది నిమిషాలా అన్నదానితో సంబంధం లేదు. ఆల్బమ్ కొన్న మనిషి మొదటి పాట కోసమే కొన్నా, నాలుగో పాట రాసినవాడికీ అంతే ముడుతుంది.

సింగిల్ రికార్డుకి ఇది ఇంకా స్పష్టం. ‘గో ఆల్ ద వే’ సింగిల్ వెనక వైపు వేసినది బ్రైసన్ పాట ‘విత్ యూ ఇన్ మై లైఫ్’. పది లక్షల మంది కార్మెన్ పాట కోసం ఆ రికార్డు కొన్నారు. ప్రతి కాపీకి బ్రైసన్ పాట లెక్క కూడా అంతే పెరిగింది. ఆనాటి ప్రతి బ్యాండ్‌లోనూ పాటల కేటాయింపు ఇలాంటి లెక్కల నీడలోనే జరిగేది. అందులో ఒక న్యాయం ఉంది, ఎందుకంటే బ్రైసన్ గిటార్ లేకపోతే ‘గో ఆల్ ద వే’ ఆ పాట అయ్యేది కాదు. శ్రోతకి మాత్రం ఫలితం ఒక్కటే: ఆల్బమ్‌లో పాటల ఎంపిక నాణ్యత ఒక్కదాన్నే బట్టి జరగదు.

ఈ లెక్కన చూస్తే ‘ఐ కెన్ రిమెంబర్’ నష్టపు బేరం. మూడు పాటలు పట్టే చోట ఒక్కటే పెట్టారు. డబ్బు కోసం చేసిన పని కాదు, పెద్ద కళాకారుడిగా నిలబడాలన్న కోరిక.

ముల్లు, గాడి

పాటల వరసకి రికార్డు తయారీ కూడా కారణం. ఎల్‌పీ నిమిషానికి 33⅓ సార్లు తిరుగుతుంది, దాని మీద చుట్టుచుట్టుగా ఉన్న గాడిలో ముల్లు నడుస్తూ పాట వినిపిస్తుంది. బయటి అంచు దగ్గర ఒక చుట్టు పొడవు ఎక్కువ, లోపలికి వెళ్ళేకొద్దీ తక్కువ. అదే ఒక్క క్షణం సంగీతం లోపలి గాడిలో తక్కువ చోటులో ఇరుక్కోవాలి. అందుకే అక్కడ గట్టి శబ్దాలు కాస్త చెదురుతాయి. హోరున్న పాటను వైపు మొదట్లో, మెత్తనిదాన్ని చివర్లో పెట్టడం ఆ రోజుల్లో మామూలు అలవాటు. ఈ ఆల్బమ్ మొదటి వైపు అచ్చంగా అలాగే ఉంది: అంచున ‘గో ఆల్ ద వే’, లోపల ‘వెయిటింగ్’.

ఎల్‌పీ విన్నవాళ్ళకి ‘వెయిటింగ్’ తర్వాత ఒక విరామం ఉండేది. లేచి రికార్డు తిప్పాలి. తిప్పాక ‘డోంట్ వాంట్ టు సే గుడ్‌బై’ కొత్తగా మొదలయ్యేది. ఇప్పుడు ఫోన్‌లో వింటే రెండు నెమ్మది పాటలు వరసగా వచ్చి ఆల్బమ్ మధ్యలో కుంగినట్టు అనిపిస్తుంది. అసలు ఎగుడుదిగుడులో కొంత భాగం వినే పద్ధతి మారడం వల్ల చేరింది.

ఇతర తొలి ఆల్బమ్‌లతో పోలిస్తే

అదే 1972లో మెంఫిస్ నుంచి బిగ్ స్టార్ తొలి ఆల్బమ్ ‘నంబర్ 1 రికార్డ్’ వచ్చింది. పన్నెండు పాటల్లో చాలావరకు అలెక్స్ చిల్టన్, క్రిస్ బెల్ పేర్లతో ఉన్నాయి. రాస్ప్‌బెర్రీస్ ఆల్బమ్ కంటే ఇది ఎంతో పొందికైనది. అందులో కూడా బాసిస్టు ఆండీ హమ్మెల్ రాసి పాడిన ఒక పాట మిగతావాటితో కలవదు. దాని పేరు ‘ద ఇండియా సాంగ్’. మన దేశానికి వెళ్ళి హాయిగా బతకాలన్న కల మీద రాసినది. పొందిక ఉండి కూడా ఆ ఆల్బమ్ అమ్ముడుపోలేదు. స్టాక్స్ రికార్డు సంస్థ పంపిణీ లోపాల వల్ల దుకాణాలకే సరిగా చేరలేదు. ఎగుడుదిగుడుగా ఉన్న రాస్ప్‌బెర్రీస్ ఆల్బమ్ మాత్రం బిల్‌బోర్డ్‌లో 51వ స్థానానికి వెళ్ళింది. అమ్మకాలకీ పొందికకీ నేరుగా ముడి లేదు.

1978లో వచ్చిన ద కార్స్ తొలి ఆల్బమ్‌లోనూ తొమ్మిది పాటలే. అన్నీ రిక్ ఒకాసెక్ రాసినవే, ఒక్కదానిలో మాత్రం గ్రెగ్ హాక్స్ తోడున్నాడు. ఆ తొమ్మిదిలో సగానికి పైగా అమెరికన్ రేడియోలో ఏళ్ళ తరబడి మోగాయి. కలం ఒకటే అయినప్పుడు దారం తెగదు. చీప్ ట్రిక్ 1977 నాటి తొలి ఆల్బమ్ కూడా ఎక్కువగా రిక్ నీల్సన్ ఒక్కడి రచనే, గట్టిగా పొందికగా ఉంటుంది.

1979 నాటి ‘గెట్ ద నాక్’ ఇంకో రకం. ద నాక్ బృందం దాన్ని 18,000 డాలర్ల ఖర్చుతో కొద్ది రోజుల్లో ముగించింది. క్లబ్బుల్లో వాయించి అరగదీసిన పాటలనే దాదాపు అలాగే రికార్డు చేశారు. ఐదు వారాలు మొదటి స్థానంలో ఉంది. శబ్దం మొదటినుంచి చివరిదాకా ఒకేలా ఉంటుంది. పాటలు మాత్రం సమానం కాదు, ‘మై షరోనా’ పక్కన చాలావి చిన్నబోతాయి. రాస్ప్‌బెర్రీస్ సమస్య దీనికి తలకిందులు. వాళ్ళ దగ్గర బాణీలకి కొరత లేదు, శబ్దం ఒకచోట నిలవలేదు.

బ్యాండ్ ఏం నేర్చుకుంది

హిట్ రావడంతో జవాబు దొరికింది. అదే ఏడాది నవంబరులో రెండో ఆల్బమ్ ‘ఫ్రెష్’ వచ్చింది. పది పాటలు, ఎనిమిది నిమిషాలది ఒక్కటీ లేదు. ‘ఐ వానా బీ విత్ యూ’ 16వ స్థానానికి, ‘లెట్స్ ప్రిటెండ్’ 35వ స్థానానికి వెళ్ళాయి. ఆల్బమ్ 36వ స్థానం అందుకుంది. బ్యాండ్ జీవితంలో అదే ఎత్తు. ఏడు నెలల్లో ఇంత స్పష్టత రావడానికి తొలి ఆల్బమ్‌లో చేసిన ప్రయోగాలు ఉపయోగపడ్డాయి. పనిచేయనివి ఏవో తెలిశాయి, వాటిని పక్కన పెట్టారు.

ఆ పక్కన పెట్టడంలోనే తర్వాతి చిక్కూ ఉంది. కార్మెన్ పాటల వాటా పెరిగింది. 1973లో పళ్ళ బుట్ట ఆకారంలో కోసిన అట్టతో ‘సైడ్ 3’ వచ్చింది. హోరు పెంచి ఎఫ్ఎం శ్రోతలను మళ్ళీ పిలిచారు, వాళ్ళు రాలేదు. 128వ స్థానం. స్మాలీ, బాన్‌ఫాంటీ వెళ్ళిపోయారు. వాళ్ళ చోట స్కాట్ మెకార్ల్, మైఖేల్ మెక్‌బ్రైడ్ వచ్చారు. 1974లో వచ్చిన ‘స్టార్టింగ్ ఓవర్’లో ‘ఓవర్‌నైట్ సెన్సేషన్’ అనే పాట 18వ స్థానం దాకా వెళ్ళినా, ఆల్బమ్ 143 దగ్గర ఆగింది. 1975లో బ్యాండ్ ముగిసింది. తొలి ఆల్బమ్‌లో వదులుగా కనిపించిన అతుకులే మూడేళ్ళలో విడిపోయాయి.

నిర్మాత ఐనర్‌తో కార్మెన్ బంధం మాత్రం కొనసాగింది. ‘డర్టీ డ్యాన్సింగ్’ సినిమా పాటలు కూర్చే పని ఐనర్‌కి వచ్చినప్పుడు ‘హంగ్రీ ఐస్’ పాడడానికి కార్మెన్‌నే పిలిచాడు. ఆ పాట 1988లో 4వ స్థానానికి వెళ్ళింది. కార్మెన్ 2024 మార్చిలో 74 ఏళ్ళ వయసులో చనిపోయాడు.

ఇప్పుడు వింటే

ఎగుడుదిగుడు అంటే వినలేకపోవడం కాదు. ఈ ఆల్బమ్‌లో ఏ పాటా నిర్లక్ష్యంగా చేసినట్టుండదు. ‘రాక్ అండ్ రోల్ మామా’ లాంటి మామూలు పాటలో కూడా పల్లవి దగ్గర గొంతులు శ్రద్ధగా కలుస్తాయి. నలుగురూ బార్‌లలో, స్కూలు డ్యాన్సుల్లో ఏళ్ళ తరబడి ఇతరుల పాటలు పాడి నేర్చిన విద్య అది. బాణీ దారి తప్పినప్పుడు గొంతులు దాన్ని కాపాడతాయి. వరస మార్చి, ‘గో ఆల్ ద వే’ తర్వాత నేరుగా ‘డోంట్ వాంట్ టు సే గుడ్‌బై’, దాని తర్వాత ‘ఐ సా ద లైట్’ వింటే ఆ సంగతి ఇంకా బాగా తెలుస్తుంది.

2004 నవంబరులో అసలు నలుగురూ మళ్ళీ క్లీవ్‌లాండ్‌లోనే ఒక వేదిక ఎక్కారు. అప్పటికి బ్యాండ్ విడిపోయి దాదాపు ముప్ఫై ఏళ్ళు. కార్మెన్, బ్రైసన్, స్మాలీ, బాన్‌ఫాంటీ మళ్ళీ తమ పాత పాటలే పాడారు, జనం కూడా అవే వినడానికి వచ్చారు.